గురమ్మ దించమంది

ఎర్రగుంటమిట్ట ఆసుపత్రికి డాక్టర్లు వచ్చారు, పోయారు. కాంపౌండర్లు వచ్చారు, వాళ్లూ పోయారు. ఇరవై రెండేళ్లుగా అక్కడ పాతుకుపోయింది ఆయా గురమ్మ ఒక్కతే. ఆత్మకూరుకు పన్నెండు మైళ్ల దూరంలో, నల్లమల అడవి అంచున, మూడు గదులూ ఒక వసారా ఉన్న ఆసుపత్రి అది. ఊడ్చేది, తుడిచేది, రోగుల మలమూత్రాలు ఎత్తిపోసేది గురమ్మే. అయినా ఊరి జనం డాక్టరు పేరు మరిచిపోయేవారేమో గాని గురమ్మ పేరు మరిచేవారు కాదు. అందుకు కారణం ఆమె చేతిలోని చీపురు కాదు, నోట్లోని మాట.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో మంచం మీద ప్రాణం పోనివ్వరు. మనిషికి ఆఖరు ఘడియ వచ్చిందనుకుంటే మంచం మీంచి ఎత్తి నేల మీద పడుకోబెడతారు. దాన్నే దించడం అంటారు. ఆలస్యం చేస్తే పోయినవాడికి మంచి గతి ఉండదు. తొందరపడితే బతికున్నవాడి ఆయుష్షు తరిగిపోతుంది. ఈ రెండింటి మధ్య సరైన వేళ చెప్పగలిగింది గురమ్మే. ముందు కాలి బొటనవేళ్లు చూసేది, తర్వాత చేతి గోళ్లు, తర్వాత ముక్కు కొన. ఆ పైన "దించండప్పా" అనేది. అన్నాక జాము తిరగకుండా మనిషి పోయేవాడు. ఒక్కసారి కూడా ఆ మాట తప్పిందని ఎవరూ వినలేదు. డాక్టరు ఇంకో సూది వేద్దామంటున్నా సరే, బంధువులు గురమ్మ మొహంలోకే చూసేవారు. ఆ చూపులంటే ఆమెకు ఇష్టం. ఇష్టం కాదంటే అబద్ధమవుతుంది. రోజంతా ఒకరి మురికి ఎత్తే మనిషికి ఆ మాత్రం గొప్ప ఇంకెక్కడ దొరుకుతుంది?

అవి కర్నూలు రాజధానిగా వెలిగిపోతున్న రోజులు. ఆ వెలుగు ఒక చుక్క ఎర్రగుంటమిట్ట మీద కూడా పడి, ఆసుపత్రికి చదువుకున్న నర్సు ఒకామె వచ్చింది. పేరు హంపమ్మ. ఆదోని పక్క కూలి కుటుంబం పిల్ల. బళ్లారిలో మూడేళ్లు నర్సు చదువు చదివింది. వయసు ఇరవై మూడు. తెల్ల చీర, రవికకు పిన్నీసుతో తగిలించిన గడియారం. రోగి చెయ్యి పట్టుకుని ఆ గడియారం చూస్తూ పెదాలు కదిలిస్తుంటే, మంత్రం చదువుతోందనుకున్నారు ముసలివాళ్లు.

గురమ్మకు ఆ పిల్ల పొడ గిట్టలేదు. కడిగిన చేతులే మళ్లీ కడగమనేది. సూదులు ఇరవై నిమిషాలు మరగాలనేది, పందొమ్మిదో నిమిషానికి నిప్పు తీసేస్తే ఊరుకునేది కాదు.

"కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. నాలుగు నెల్లు పోనీ, తానే సర్దుకుంటాది" అని గురమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

నాలుగు నెలలు పోయాయి. హంపమ్మ సర్దుకోలేదు. పైగా నడుం పడిపోయిన ఒక ముసలాయన్ను రెండు గంటలకోసారి పక్కకు తిప్పిస్తూ, వీపు మీది పుండ్లన్నీ మాన్పించింది. తిప్పినవి గురమ్మ చేతులే. మానిన ఆ వీపు చూసినప్పుడల్లా గురమ్మకు ముచ్చటేసేది. ముచ్చట పడినందుకు తన మీద తనకే కోపం వచ్చేది.

అసలు తగాదా చైత్రమాసంలో వచ్చింది. ఈరక్క అనే ఆమె మందు కోసం ఎండలో నిలబడి నిలబడి కళ్లు తిరిగి పడబోయింది. హంపమ్మ ఆమెను పట్టుకుని, వసారాలో నున్నటి నల్లబండల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి స్టూలు మీద పెట్టింది. సరిగ్గా అప్పుడే ఈరక్క మొగుడు బీడీ కాల్చుకుని వచ్చాడు. నేల మీద పెళ్లాన్ని చూశాడు. లబోదిబోమని గుండెలు బాదుకున్నాడు. ఆ ఏడుపు విని వీధిలోని ఆడవాళ్లు వచ్చి గొంతు కలిపారు. చురుకైనవాడొకడు పాడె కట్టడానికి వెదుళ్లు తేవడానికి కూడా పరిగెత్తాడు. ఇంతలో ఈరక్క లేచి కూర్చుని, కొంగు సర్దుకుని, "ఎవురమ్మా పోయింది?" అని అడిగింది.

ఊరు ఒక పూట నవ్వింది. మరుసటి రోజు కోపం తెచ్చుకుంది. బతికున్న మనిషిని దించడం ఏమిటి, ఆమె ఆయుష్షుకు ఎవరు పూచీ అని పెద్దమనుషులు ఆసుపత్రికి వచ్చారు. డాక్టరు నెమ్మదస్తుడు. ఊరితో వైరం పెట్టుకుంటే రేపటి నుంచి రోగులు రారని ఆయన భయం. గురమ్మ చెబితే తప్ప ఎవరినీ నేల మీదికి దించకూడదని ఒప్పందం కుదిర్చాడు. హంపమ్మ కింది పెదవి కొరుక్కుని, "సరే సార్" అంది.

ఆ సాయంత్రం గురమ్మ వక్కాకు నములుతూ రాణిలా కూర్చుంది. హంపమ్మ వచ్చి పక్కనే చతికిలబడింది.

"పెద్దమ్మా, కళ్లు తిరిగినోళ్లకు తలకాయకు నెత్తురు చాలదు. పండబెట్టి కాళ్లెత్తితే కాళ్లలో నెత్తురు తలకాయకు వస్తాది. నేను చేసింది అంతే."

"మా కాలంలో నెత్తురు దాని దోవన అది పోతాండె పాపా. ఎవురూ దానికి దోవ చూపీలేదు."

హంపమ్మకు నవ్వొచ్చింది. నవ్వింది కూడా. అది గురమ్మకు ఇంకా ఒళ్లు మండించింది. తిడితే తిరిగి తిట్టొచ్చు, నవ్వేదాన్ని ఏం చేస్తాం?

ఏడాది తిరక్కుండానే శివరాత్రి దగ్గరపడింది. శ్రీశైలం పోయే యాత్రికులకు కలరా సూదులు వేయడానికి డాక్టరు ఆత్మకూరు వెళ్లి మూడు రోజులైంది. పదకొండు గంటల వేళ. గురమ్మ వసారా కడుగుతోంది. వీధి మలుపులో కేకలు వినిపించాయి. నలుగురు మనుషులు నులకమంచం ఒకటి మోసుకొస్తున్నారు. మంచం మీద మనిషిని పడుకోబెట్టలేదు, కూర్చోబెట్టారు. పడుకుంటే ప్రాణం పోతుందని వాళ్ల భయం. వెనకనుంచి ఒకడు చంకల కింద చేతులేసి పట్టుకున్నాడు. తల ముందుకు వాలిపోయి తువ్వాలు కప్పి ఉంది.

మంచం వసారాలో దిగగానే గురమ్మ అలవాటు ప్రకారం చూసింది. ముందు కాలి బొటనవేళ్లు. సున్నం కొట్టినట్టున్నాయి. తర్వాత గోళ్లు. నీలం తిరిగాయి. తర్వాత ముక్కు కొన చూడటానికి తువ్వాలు పక్కకు తీసింది. ఇతను దించాల్సిన మనిషేనని ఆమె లోపల మాట అప్పటికే సిద్ధమైపోయింది.

అది ఆమె కొడుకు నాగన్న.

గురమ్మ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. పొద్దున సద్ది తిని వెదుళ్లు కొట్టడానికి పోయినవాడు. వెదురు జారి గొడ్డలి తొడ మీద పడిందని, పట్టుకున్న మనిషి శివన్న చెబుతున్నాడు. ఆమెకు సగం వినిపించింది, సగం వినిపించలేదు.

హంపమ్మ లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది. మోకాలికి జానెడు పైన, తొడ లోపలి వైపు గుడ్డ మీద గుడ్డ కట్టి ఉంది. దాని నిండా పసుపు, సున్నం, నెత్తురు కలిసి బురదలా ఉంది.

"ఎన్నిసార్లు విప్పినారు దీన్ని?"

"ఫర్లాంగుకొకసారి చూస్తానే ఉండాం నర్సమ్మా, నిలిచిందా లేదా అని" అన్నాడు శివన్న. మంచి పని చేశామనే అనుకుంటున్నాడు పాపం.

 హంపమ్మ గుడ్డ కోసి పారేసి, ఉడికించిన గుడ్డ మడత పెట్టి గాయం మీద ఉంచి, రెండు చేతులతో ఒత్తింది. ఒత్తినకొద్దీ నులక కిందికి సాగింది. దానితో పాటే తొడా కిందికి పోయింది. ఆమె వేళ్ల సందుల్లోంచి నెత్తురు వస్తూనే ఉంది.

"కిందికి దించండి! బండ మీద పండబెట్టండి, బిన్నా కానీండి!"

నలుగురూ కదల్లేదు. గురమ్మ వైపు చూశారు.

"గురమ్మక్క చెప్తే దించుతాం" అన్నాడు శివన్న.

"దించగాకండి!" గురమ్మ మంచం పట్టె పట్టుకుని అరిచింది. "నా కొడుకును దించగాకండి! వాడు పోలేదు. వాడు పోడు."

ఇరవై రెండేళ్లలో ఆమె 'దించండప్పా' అని ఎంతమందికి చెప్పిందో లెక్క లేదు. చెప్పి, చీపురు తీసుకుని పక్క గదిలోకి పోయేది. ఎదురుగా ఉన్న తల్లి చెవిలో ఆ మాట ఎలా పడుతుందో ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆ తల్లులందరూ వరసగా కళ్ల ముందు నిలబడ్డారు. తాను ఆ మాట అంటే చంపినట్టు. తన నోటితో తన బిడ్డను చంపినట్టు. అనకపోతే? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

హంపమ్మ చేతులు తీయకుండా తల మాత్రం ఎత్తింది.

"పెద్దమ్మా, నులక మీద నా చెయ్యి ఆనడం లేదు. కింద గట్టి నేల లేంది నెత్తురు నిలవదు. రబ్బరు తాడు బిగిస్తే నిలుస్తాది గాని, డాక్టరు వచ్చేలోగా కాలు చస్తాది. నాడి ఉండాది పెద్దమ్మా. శానా సన్నంగా ఉండాది, అయినా ఉండాది. ఉండాది కాబట్టే దించమంటాండా."

గురమ్మ ఆ పిల్ల మొహం చూసింది. ఏడాదిన్నరగా చూస్తూనే ఉంది. ఇరవై అంటే ఇరవై నిమిషాలే. ఎవరి మనసూ నొప్పించకూడదనైనా సరే, లేని నాడిని ఉందని ఆ పిల్ల ఎవరికీ చెప్పగా వినలేదు. అంత తిక్కది, మొండిది. ఆ మొండితనమే ఇప్పుడు గురమ్మకు పట్టుకొమ్మలా దొరికింది.

"దించండప్పా" అంది.

మాట బయటికి రావడమే తరువాయి, వీధిలో ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఒకామె తులసి తీర్థం తేవడానికి ఇంటికి పరిగెత్తింది. గురమ్మ వాళ్ల వైపు తిరిగి, జీవితంలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"నోళ్లు ముయ్యండే! ఏడ్చేటోళ్లు ఎవురైనా ఉంటే మీ ఇండ్లలో ఏడ్చుకోండి. ఈడ పనుండాది!"

నాగన్నను బండ మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కాళ్ల కింద స్టూలు పెట్టారు. హంపమ్మ ఈసారి ఒత్తితే చెయ్యి గట్టిగా ఆనింది. వేళ్ల సందుల్లో కారడం తగ్గింది. ఆమె శివన్నను సైకిలు మీద ఆత్మకూరుకు, డాక్టరు దగ్గరికి తరిమింది. తర్వాత గురమ్మను పిలిచింది.

"నా చెయ్యి ఉన్నచోటే నీ చెయ్యి పెట్టాల పెద్దమ్మా. పిడికిలి బిగించు. మోచెయ్యి వంచగాకు. ఒంటి బరువంతా దాని మీద ఎయ్యి. గుడ్డ తడిస్తే తియ్యగాకు, పైన ఇంకోటి పెడదాం. ఎత్తి చూడగాకు. చూస్తే మళ్లా మొదటికొస్తాది."

"నాకు చేతనైతాదా?"

"ముసలాయన్ను ఏడాది పొడుగునా తిప్పినావు. నీ చేతుల్లో ఉన్న బలం నా చేతుల్లో లేదు."

గురమ్మ మోకాళ్ల మీద కూర్చుని, కొడుకు తొడ మీద పిడికిలి మోపి, బరువంతా వేసింది. పిడికిలి కింద ఏదో టపటపా కొట్టుకుంటోంది. కొట్టుకుంటోందంటే లోపల ప్రాణం ఉందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

హంపమ్మ సెలైన్ సీసా తెచ్చి వసారా దూలానికి కట్టింది. మోచేతుల దగ్గర నరాలు దొరకలేదు, నెత్తురు తగ్గి అణిగిపోయాయి. రెండు చోట్ల వెతికి వదిలేసింది. చీలమండ దగ్గర వేలితో తడిమి, కళ్లు మూసుకుని మళ్లీ తడిమి, అక్కడ సూది గుచ్చింది. సీసాలోని బుడగలు ఒకటొకటే పైకి లేచాయి. దుప్పట్లు రెండు కప్పింది. గడియారం పట్టుకుని లెక్కపెట్టింది.

"నూట నలభై నాలుగు" అంది.

"అంటే?"

"గుండెకాయ పరిగెత్తుతాండాది. నెత్తురు చాలక. నూట ఇరవైకి దిగితే మనం గెలుస్తాండామని."

కాసేపటికి నాగన్న పెదాలు కదిలాయి. "నీళ్లు" అన్నాడు. ఆ మాటకు గురమ్మ ప్రాణం చెరువు దాకా పరిగెత్తింది. తీర్థం తెచ్చిన ఆమె గిన్నె ముందుకు చాపింది. హంపమ్మ అడ్డంగా తల ఊపింది. డాక్టరు వచ్చి మత్తు ఇచ్చి కుట్టాలి, కడుపులో నీళ్లుంటే వాంతి వచ్చి ఊపిరికి అడ్డం పడుతుంది అని చెప్పి, దూది తడిపి పెదాలకు అద్దింది. తీర్థం తెచ్చిన ఆమె గొణిగింది.

"బిడ్డకు గుక్కెడు నీళ్లియ్యని తల్లిని యాడైనా చూసినామా?"

"ఈడ చూడు" అంది గురమ్మ, చెయ్యి తీయకుండా.

పావుగంటకోసారి హంపమ్మ నాడి చూసేది. ఏడాదిన్నరగా గురమ్మ ఎగతాళి చేసిన గడియారం అదే. ఇప్పుడు ఆ పిల్ల పెదాలు కదులుతుంటే గురమ్మ ఊపిరి బిగబట్టేది. నూట నలభై. నూట ముప్పై ఎనిమిది. ఒకసారి మళ్లీ నూట నలభై రెండు అయింది. అది విన్నప్పుడు గురమ్మ కళ్లు మూసుకుంది గాని పిడికిలి వదల్లేదు. భుజాలు గుంజాయి, నడుం పట్టేసింది, చెయ్యి తిమ్మిరెక్కి తనదో కాదో తెలియకుండా పోయింది. మధ్యలో హంపమ్మ తాను పట్టుకుంటానంది. గురమ్మ వినలేదు. గుడ్డ ఎత్తి చూడాలని మాత్రం వందసార్లు అనిపించింది. ఫర్లాంగుకొకసారి విప్పి చూసిన ఆ మనుషుల మీద అప్పుడామెకు జాలి కలిగింది. ఎత్తి చూడకుండా ఉండటం ఎంత కష్టమో పట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.

"నూట పద్దెనిమిది" అంది హంపమ్మ ఒకసారి. అలాగే బండ మీద చతికిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పుడు తెలిసింది గురమ్మకు, ఆ పిల్ల కూడా ఇంతసేపూ భయపడుతూనే ఉందని.

రెండు గంటలు కావస్తుండగా జీపు వచ్చింది. డాక్టరు చొక్కా చేతులు మడుచుకుంటూ దిగాడు. లోపలి గదిలో బల్ల మీదికి మార్చేటప్పుడు కూడా గురమ్మ పిడికిలి తీయలేదు, పక్కనే నడిచింది. మత్తు ఇచ్చాక, డాక్టరు తీయమన్నాక తీసింది. ఆయన తెగిన నాళం వెతికి పట్టుకుని ముడివేశాడు. అరగంట పట్టింది. చేతులు కడుక్కుంటూ హంపమ్మతో, "కూర్చోబెట్టే ఉంచి ఉంటే నేను వచ్చేసరికి చేసేదేమీ ఉండేది కాదమ్మా. కుట్టడానికి మనిషిని మిగిల్చారు మీరిద్దరూ" అన్నాడు.

గురమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పిడికిలి ఎంత ప్రయత్నించినా విచ్చుకోలేదు. హంపమ్మ పక్కన కూర్చుని, ఆముదం రాస్తూ ఒక్కొక్క వేలే విడదీసింది. అయిదో వేలు విడిపోయాక గురమ్మ ఆ పిల్లను ఒళ్లోకి లాక్కుని ఏడ్చేసింది. హంపమ్మ కూడా ఏడ్చింది. ఇద్దరి చీరలూ నెత్తుటి మరకలే. డాక్టరు తలుపు దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోయాడు.

లోపల మంచాలన్నీ జ్వరాలవాళ్లతో నిండి ఉండటం వల్ల నాగన్నకు వసారాలోనే పరుపు వేశారు. మరునాడు ఎండ పొడ పడే వేళకు అతను పూర్తిగా కళ్లు తెరిచాడు. పక్కన చెయ్యి చాపితే బండ తగిలింది. ఇంకొంచెం తడిమాడు. ఎక్కడా మంచం కోడు లేదు.

"అమ్మా, నన్ను దించినారా?"

"దించినాం నాయనా."

"ఎవురు దించమన్నారు?"

"నేనే."

నాగన్న మొహంలో మిగిలిన కాస్త నెత్తురూ పోయింది. తల్లి మాట గురించి ఆ ఊళ్లో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా?  బుద్ధిగా, "అట్లయితే ఓబులమ్మను పిలువమ్మా. ఒకసారి చూసి పోతా" అన్నాడు.

గురమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"యాడికి పోతావురా పిచ్చి నా కొడుకా! నీ పెండ్లాం నీకు గంజి కాస్తాండాది."

"మరి నీ మాట?"

హంపమ్మ అప్పటికే అతని మణికట్టు పట్టుకుని గడియారం చూస్తోంది. నాగన్న ఆమె వైపు చూశాడు. లెక్క పూర్తయ్యేదాకా ఆమె నోరు విప్పలేదు. "తొంభై రెండు" అంది గురమ్మతో. తొంభై రెండంటే ఏమిటో ఆ వసారాలో వాళ్లిద్దరికే తెలుసు.

మెట్ల దగ్గర పాతికమంది నిలబడి ఉన్నారు, రాత్రి నుంచీ పోలేదు కొందరు. వెదుళ్లు కొట్టే వాళ్లు, శివన్న, తీర్థం తెచ్చిన ఆమె. అందరూ ఎప్పటిలాగే గురమ్మ మొహంలోకే చూస్తున్నారు. గురమ్మ వసారా అంచు దాకా నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని, బజారు చివరిదాకా వినిపించేలా అరిచింది.

"ఏం చూస్తాండారప్పా? పోయి పనులు చూసుకోండి. గురమ్మ మాట తప్పింది!"